మరి పాకిస్తాన్ సంగతేంటి?

1998 ఆగస్టు 6 సాయంత్రం. విశాఖ రామకృష్ణా బీచ్‌లో మేం తొమ్మిదిమందిమి కొవ్వొత్తులు వెలిగించడానికి నానా తంటాలు పడుతున్నాం. సముద్రపు గాలికి ఒకటి అంటించేలోగా రెండు ఆరిపోతున్నాయి. ఎవరో పరుగెత్తుకెళ్లి ప్లాస్టిక్ గ్లాసులు తెచ్చారు. వాటిలో పెడితే గ్లాసులు కరిగి కారాయి. పక్కనే ముంత మసాలా బండి పెట్టుకున్న పెద్దాయన కాసేపు ఇదంతా చూసి, జాలిపడి, బండి చాటుకి రమ్మన్నాడు. కొవ్వొత్తులు నిలబడ్డాక అడిగాడు.

"ఎవులు పోనారు బాబూ?"

మాలో ఎకనామిక్స్ చదివేవాడు ముందుకొచ్చి, "హిరోషిమా" అన్నాడు.

"అయ్యయ్యో. మీ కాలేజీ పిల్లేనేటి?"

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ రోజు మాలో ఎవరూ నవ్వలేదు. మా చేతిలో నాలుగు పేజీల కరపత్రం ఉంది. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలోని వివక్ష గురించి రెండు పేరాలు, సామ్రాజ్యవాదం గురించి మూడు. ఆ పెద్దాయనకి చెప్పడానికి మాత్రం ఒక్క వాక్యం లేదు. ఎవడో తడుముకుంటూ "అమెరికావాళ్లు జపాన్ మీద..." అని మొదలుపెట్టేలోగా, పొట్లం కట్టించుకుంటున్న ఒకాయన ఇటు తిరిగి రెండో ప్రశ్న వేశాడు. "మరి పాకిస్తాన్ సంగతేంటి?" అప్పటికి పాకిస్తాన్ చాగైలో పరీక్షలు జరిపి పది వారాలే అయింది. మన పోఖ్రాన్ పరీక్షలకి కాలేజీల్లో మిఠాయిలు పంచిన వేడి ఇంకా చల్లారలేదు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కొవ్వొత్తులు వాటంతటవే అయిపోయాయి.

అణ్వాయుధాలు వద్దని చెప్పే పనిలోకి దిగాలనుకునే విద్యార్థికి ఈ రెండు ప్రశ్నలే ప్రవేశ పరీక్ష. చాలామంది ఐక్యరాజ్యసమితి వెబ్‌సైట్‌తో మొదలుపెడతారు. నన్నడిగితే ముంత మసాలా బండితో మొదలుపెట్టమంటాను.

మొదటి ప్రశ్న

ఎవరు పోయారన్నదానికి జవాబు నాలుగు వాక్యాలు దాటకూడదు. కష్టమైన మాట ఒక్కటీ ఉండకూడదు. మా ఇప్పటి విద్యార్థుల గుంపులో పిల్లలు చాలాసార్లు చెరిపి రాసి, చివరికి ఇలా కుదుర్చుకున్నారు: "1945లో యుద్ధం నడుస్తుండగా అమెరికా హిరోషిమా అనే ఊరి మీద ఒకే ఒక్క బాంబు వేసింది. ఆ ఏడాది ముగిసేసరికి దాదాపు లక్షా నలభై వేలమంది పోయారు. మూడ్రోజులకి నాగసాకి మీద ఇంకోటి వేస్తే మరో డెబ్బై వేలు పైచిలుకు. నాగసాకి అచ్చం మన విశాఖలాంటిదే, చుట్టూ కొండలు, మధ్యన రేవు, ఓడలు కట్టే ఊరు."

నాలుగో వాక్యమే అసలైనది. అది లేకపోతే మిగతా మూడూ సాంఘికశాస్త్రం పాఠం. మీ ఊరు కడప అయితే, ఖమ్మం అయితే, అక్కడి మనిషికి కళ్లకి కట్టే పోలిక మీరే వెతుక్కోవాలి.

ఈ నాలుగు వాక్యాలని హాస్టల్ వాచ్‌మన్‌కి, మెస్‌లో వడ్డించేవాళ్లకి, సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అమ్మమ్మకి చెప్పి చూడండి. వాళ్లు ఎక్కడ ఆపి ఏం అడుగుతారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. 'డిటరెన్స్' అని ఇంగ్లీషు పుస్తకాలు తెగ వాడే మాటకి మనవాళ్లు 'నిరోధకత' అని అనువాదం చేసి చేతులు దులుపుకున్నారు. ఆ మాట వింటే మందుల షాపు గుర్తొస్తుంది. "నువ్వు కొడితే నేనూ కొడతానని బెదిరించి ఆపడం" అంటే పదేళ్ల పిల్లాడికి కూడా అర్థమవుతుంది. అర్థమయ్యాక వాడు అడిగే మొదటి ప్రశ్న, "ఎవరైనా పొరపాటున కొడితేనో?" పెద్ద పెద్ద గ్రంథాలు రాసినవాళ్లు కూడా చివరికి వచ్చి ఆగేది అక్కడే.

ఇక చదువు. ఎంత చదవాలి అని అడుగుతారు. మొదటి నెల రోజుకి అరగంట చాలు, కానీ దొరికిందల్లా చదవొద్దు. స్టాక్‌హోమ్‌లో సిప్రి అనే శాంతి పరిశోధన సంస్థ ఉంది. ఏటా జూన్‌లో ఏ దేశం దగ్గర ఎన్ని అణ్వాయుధాలున్నాయో అంచనా ప్రకటిస్తుంది. 2025 జనవరి నాటికి ప్రపంచం మొత్తం మీద 12,241. అందులో పదింట తొమ్మిది వంతులు అమెరికా, రష్యాలవే. మన దగ్గర సుమారు 180, పాకిస్తాన్ దగ్గర సుమారు 170. 1980ల మధ్యలో ఈ మొత్తం డెబ్బై వేల దాకా ఉండేది. ఈ ఆఖరి అంకెని గుర్తుపెట్టుకోండి. "ఇవన్నీ జరిగే పనులు కావండీ" అని ఎవరైనా పెదవి విరిస్తే, డెబ్బై వేలు పన్నెండు వేలు ఎలా అయ్యాయని నెమ్మదిగా అడగొచ్చు.

మీ యూనివర్సిటీ లైబ్రరీ పాతదైతే భౌతికశాస్త్రం అల్మారాల్లో దుమ్ము దులిపి చూడండి. డి.ఎస్. కొఠారి ఆధ్వర్యంలో 1956లో వచ్చిన పుస్తకం ఒకటి ఉండాలి, అణు పేలుళ్ల గురించీ వాటి ప్రభావాల గురించీ. నెహ్రూ ముందుమాట రాశారు. అప్పుడు కొఠారి రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. అంటే అణుబాంబు ఏం చేస్తుందో జనం తెలుసుకోవాలని ప్రభుత్వమే పుస్తకం వేయించిన రోజులు ఈ దేశంలో ఉన్నాయి. 1954 ఏప్రిల్‌లో అణు పరీక్షలు నిలిపేయమని పార్లమెంటులో పిలుపిచ్చింది నెహ్రూ. అణ్వాయుధాలని దశలవారీగా 2010 నాటికి పూర్తిగా తొలగించే ప్రణాళికని 1988 జూన్ 9న ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది రాజీవ్ గాంధీ. ప్రపంచమంతటా అణు నిరాయుధీకరణ జరగాలన్నది ఈ రోజుకీ మన ప్రభుత్వం కాగితం మీద చెప్పే మాటే. కాబట్టి మిమ్మల్ని ఎవరైనా దేశద్రోహి అంటే కోపం తెచ్చుకోవద్దు, ఆ తేదీ చెప్పండి చాలు.

కాగితంలోని మెలికలు కూడా తెలిసుండాలి. 2003 జనవరి 4న ప్రభుత్వం ప్రకటించిన విధానంలో 'ముందుగా మేం ప్రయోగించం' అనే హామీ ఉంది. అదే ప్రకటనలో, మన మీద రసాయనిక, జీవాయుధాలతో పెద్ద దాడి జరిగితే అణ్వాయుధాలతో బదులిచ్చే అవకాశాన్ని అట్టిపెట్టుకుంటాం అని కూడా ఉంది. మొదటిది అందరికీ తెలుసు. రెండోది తెలిసినవాడి మాటకి సెమినార్ హాల్లో బరువుంటుంది.

ఇక్కడొక పిడకల వేట. కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రం, తుమ్మలపల్లె యురేనియం గని, నల్లమలలో యురేనియం అన్వేషణ మీద 2019లో రేగిన ఆందోళన, ఇవన్నీ తెలుగు విద్యార్థికి చప్పున గుర్తొస్తాయి. వాటినీ అణ్వాయుధాల్నీ ఒకే కరపత్రంలో కుక్కొద్దు. అవి భూమి, నీళ్లు, బతుకుతెరువు ప్రశ్నలు. వాటిని ముందుండి నడిపేది ఆ ఊళ్లవాళ్లు. అక్కడికి వెళితే వినడానికి వెళ్లండి. విద్యుత్తు కావాలనుకుంటూనే బాంబు వద్దనే మనిషిని మొదటి రోజే దూరం చేసుకోవడం తెలివైన పని కాదు.

రెండో ప్రశ్న

ఈ పనిలో నాకు గురువులాంటి మనిషి పేరు రాండల్ ఫోర్స్‌బర్గ్. ఆవిడని నేను చూడలేదు, 2007లో పోయారు. అమెరికాలో ఇంగ్లీషు సాహిత్యం చదివి, కొంతకాలం టీచర్‌గా చేసి, పెళ్లయ్యాక స్వీడన్ వెళ్లారు. 1968లో సిప్రిలో టైపిస్టుగా చేరారు. ఆయుధాల గురించి ఇతరులు రాసిన కాగితాలు టైప్ చేస్తూ చేస్తూ, ఇదేమిటి ఇలా ఉంది అని విసుగుపుట్టి, తనే పరిశోధకురాలయ్యారు. 1974లో అమెరికా తిరిగొచ్చి ఎంఐటీలో డాక్టరేట్‌కి చేరారు. అంటే మనలో చాలామందిలాగే, కొంచెం ఆలస్యంగా చదువుకి వచ్చిన విద్యార్థిని.

1970ల చివర్లో అమెరికాలో అణ్వాయుధాలు వద్దనే సంఘాలు బోలెడు. ఒకరు ఫలానా క్షిపణి వద్దంటారు, ఒకరు ఫలానా విమానం వద్దంటారు, ఇంకొకరు మన దేశమే ముందు పారేయాలంటారు. సభ పెట్టిన ప్రతిచోటా వెనక బెంచీ నుంచి ఒకే ప్రశ్న. "మరి సోవియట్ వాళ్ల సంగతేంటి?" ఇంటింటి కథే!

1980లో ఆవిడ నాలుగు పేజీల పిలుపు ఒకటి రాశారు. దాని సారం ఒక వాక్యం: అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ ఒకేసారి, కొత్త అణ్వాయుధాల పరీక్షలూ తయారీ మోహరింపూ ఆపేయాలి. అంతే. ఉన్నవి పారేయమనలేదు. ఎవరినీ ముందు దిగమనలేదు. 'రెండూ' అన్న ఒక్క మాటతో వెనక బెంచీ ప్రశ్నకి జవాబు కోరికలోనే ఇమిడిపోయింది. దీన్ని మా గుంపులో 'కడుపులో జవాబున్న కోరిక' అంటాం.

తర్వాత జరిగింది చూడండి. 1980 నవంబరులో పశ్చిమ మసాచుసెట్స్‌లో ఈ ప్రతిపాదన మీద ఓటింగ్ పెడితే 62 ఊళ్లలో 59 అవునన్నాయి. అదే రోజు రీగన్ అధ్యక్షుడిగా గెలిచాడు. ఆయన్ని గెలిపించిన ఊళ్లు కూడా చాలావరకు దీనికి ఓటేశాయి. 1982 జూన్ 12న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో సుమారు పది లక్షలమంది పోగయ్యారు. 1983 మేలో అమెరికా ప్రతినిధుల సభ ఈ 'ఫ్రీజ్', అంటే ఉన్నచోటే ఆపేయడమనే తీర్మానాన్ని 278–149తో ఆమోదించింది. అయితే ఆ తీర్మానం ఎవర్నీ కట్టిపడేసేది కాదు. ఫ్రీజ్ ఆవిడ రాసినట్టుగా ఎప్పుడూ అమలు కాలేదు. 1987లో మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం మీద రీగన్, గోర్బచేవ్ సంతకాలు చేశారు. అందులో ఈ ఉద్యమం వాటా ఎంత అన్నది చరిత్రకారులు తేల్చుకోవాల్సిన లెక్క. ఒక ఎంఐటీ విద్యార్థిని వల్ల ప్రచ్ఛన్నయుద్ధం ఆగిందని కరపత్రంలో రాయకండి. నేను రాశానొకసారి. తర్వాత సిగ్గుపడ్డాను.

మన దగ్గర కడుపులో జవాబున్న కోరిక ఎలా ఉంటుంది?

భారత్, పాకిస్తాన్ మధ్య 1988 డిసెంబరు 31న ఒక ఒప్పందం కుదిరింది. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదు, ఆ కేంద్రాల జాబితాని ఏటా జనవరి 1న ఇచ్చిపుచ్చుకోవాలి. 1992 నుంచి ఏటా జరుగుతోంది. కార్గిల్ యుద్ధం జరిగిన మరుసటి జనవరిలోనూ జరిగింది. పార్లమెంటు మీద దాడి జరిగి, సరిహద్దుకి సైన్యాలు కదిలిన ఆ శీతాకాలంలోనూ జరిగింది. ఈ సంగతి హాస్టల్లో చెబితే నమ్మరు. జనవరి 1 సాయంత్రం విదేశాంగ శాఖ ప్రకటన తీసి ఫోన్లో చూపించండి.

2005 అక్టోబరులో ఇంకొకటి. బాలిస్టిక్ క్షిపణి పరీక్షించేముందు ఒకరికొకరు కబురు చేసుకోవాలి. ఇక్కడే ఉంది అసలు కిటుకు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్లి పాకిస్తాన్ పంజాబ్‌లో మియాఁ చన్నూ దగ్గర పడింది. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు. రెండ్రోజుల తర్వాత మన ప్రభుత్వం పొరపాటు ఒప్పుకుంది. ఆ ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారుల్ని ఉద్యోగాల్లోంచి తీసేశారు. బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణి. 2005 ఒప్పందం బాలిస్టిక్ క్షిపణులకే. పదేళ్ల పిల్లాడి ప్రశ్న గుర్తుందా, పొరపాటున కొడితేనో అని?

కాబట్టి ఒక విద్యార్థి బృందం పట్టుకోదగ్గ కోరిక: ముందస్తు కబురు ఒప్పందంలోకి క్రూయిజ్ క్షిపణుల్ని కూడా చేర్చాలి. దీన్ని ఎవడైనా దేశభద్రతకి ముప్పు అనగలడేమో చూడండి. పాకిస్తాన్ సంగతేంటంటే, వాళ్లూ కబురు చేయాల్సిందే. ఇది ప్రపంచంలో ఒక్క బాంబునీ తగ్గించదు, నిజమే. కానీ దీని కోసం మాట్లాడటం మొదలుపెట్టిన విద్యార్థి ఆరు నెలల్లో మిగతాదంతా తనే నేర్చుకుంటాడు. 'సమస్త అణ్వాయుధాలనూ నాశనం చేయాలి' అని ఫ్లెక్సీ కట్టినవాడు ఫ్లెక్సీతోపాటే ఇంటికెళ్లిపోతాడు.

ఒక ప్రశ్నకి మాత్రం నా దగ్గర తేలిక జవాబు లేదు. "ఉక్రెయిన్ 1994లో ఇచ్చేసింది కదా, ఏమైంది?" అని అడుగుతారు. అది బరువైన ప్రశ్న. ఆ ఆయుధాల మీట మాస్కో చేతిలో ఉండేదని, అమెరికా, బ్రిటన్, రష్యా ఇచ్చినవి కాగితం హామీలేనని చెప్పొచ్చు. చెప్పినా అడిగినవాడి మనసులో ముల్లు పోదు. నా మనసులోనూ పోలేదు. అలాంటప్పుడు ఒప్పుకోండి. గెలవని వాదనని గెలిచినట్టు నటించేవాణ్ణి మెస్‌లో ఎవరూ రెండోసారి వినరు.

ఒక ఉత్తరం

కోరిక కుదిరాక దాన్ని ఎవరికి చెప్పాలి? మీ ఎంపీకి. ఆయనకి అణ్వాయుధాల గురించి తెలియకపోవచ్చు, అందుకే చెప్పాలి. నక్షత్రం గుర్తులేని ప్రశ్న వేస్తే మంత్రి లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. ఆ జవాబు రికార్డులో ఉండిపోతుంది. లోక్‌సభలో ప్రశ్నకి పదిహేను రోజుల ముందు నోటీసివ్వాలి కాబట్టి సమావేశాలు మొదలవడానికి నెలా నెలన్నర ముందే ఉత్తరం చేరాలి. వర్షాకాల సమావేశాలైతే మరీ మంచిది. ఆగస్టు 6న సభ జరుగుతుంటే హిరోషిమా, నాగసాకి మృతులకి నివాళి అర్పించే ఆనవాయితీ మన పార్లమెంటుకి ఉంది. ఈ ముక్క ఎంపీల పి.ఏ.లకి కూడా చాలామందికి తెలియదు.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. తెలుగులోనే రాయండి, వెనక ఇంగ్లీషు ప్రతి జతచేయండి. మా పిల్లలు రాసిన దాంట్లో ముఖ్యమైన భాగం ఇది:

"అయ్యా, మేము మీ నియోజకవర్గంలో చదువుకుంటున్న పద్నాలుగుమంది విద్యార్థులం. మాలో ఆరుగురు మొన్నటి ఎన్నికల్లో మొదటిసారి ఓటు వేశారు. 2022 మార్చిలో పొరపాటున వెళ్లిన క్షిపణి సంగతి తమకు తెలిసిందే. 2005 నాటి ముందస్తు సమాచార ఒప్పందంలో క్రూయిజ్ క్షిపణులను చేర్చే ఆలోచన ప్రభుత్వానికి ఉన్నదా అని సభలో ప్రశ్న వేయవలసిందిగా కోరుతున్నాము. ప్రశ్న నమూనా జతపరిచాము. తమకు వీలున్న రోజున పది నిమిషాలు కలిసి మాట్లాడగలము."

మొదటిసారి ఓటు వేశారన్న మాట కావాలనే పెట్టాం. పి.ఏ. ఉత్తరం మొత్తం చదవకపోయినా ఆ మాట దగ్గర ఆగుతాడు. అలాంటి ప్రశ్న ఇదివరకే ఎవరైనా వేశారేమో ముందు పార్లమెంటు వెబ్‌సైట్‌లో వెతకండి. వేసి ఉంటే పాత జవాబుని ప్రస్తావించి, దాని మీద అనుబంధంగా అడగండి.

సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలే కదా అని ఉత్సాహపడతారు. ఆయుధాల గురించి అడిగితే దేశభద్రత పేరుతో 8(1)(ఎ) సెక్షన్ చూపించి తిప్పికొడతారు. దానికోసం నెల రోజులు ఎదురుచూడటం దండగ.

ఏ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఏం చేయాలి అంటే, చదివే చదువులోంచే పని పుట్టాలి. మెడికల్ కాలేజీ వాళ్లకి తేలిక. 1980లో బోస్టన్ గుండె డాక్టరు బెర్నార్డ్ లోన్, మాస్కో గుండె డాక్టరు యెవ్‌గెనీ చాజోవ్ కలిసి పెట్టిన వైద్యుల సంఘానికి 1985లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. దానికి మన దేశంలోనూ శాఖ ఉంది. అందులో చేరడానికి ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఊళ్లో కాలిన గాయాల వార్డుల్లో మొత్తం ఎన్ని మంచాలున్నాయో ఆస్పత్రి ఆస్పత్రికీ తిరిగి లెక్కపెట్టండి. ఆ ఒక్క అంకె పక్కన హిరోషిమా అంకె రాసి నోటీసు బోర్డుకి అంటించండి. ఉపన్యాసం అక్కర్లేదు.

లా విద్యార్థులకి మార్షల్ దీవుల కేసు ఉంది. 1946 నుంచి 1958 దాకా అమెరికా 67 అణు పరీక్షలు జరిపిన ఆ చిన్న దేశం, 2014లో తొమ్మిది అణ్వాయుధ దేశాల్ని అంతర్జాతీయ న్యాయస్థానానికి ఈడ్చింది. వాటిలో మనం కూడా ఉన్నాం. 2016లో కోర్టు, అసలు ఇరుపక్షాల మధ్య వివాదమే లేదంటూ కొట్టేసింది. మన మీది కేసులో 9–7. ఇంతకన్నా మంచి మూట్‌కోర్టు అంశం దొరకదు.

అన్నిటికన్నా ఖాళీగా ఉన్న గది తెలుగు డిపార్ట్‌మెంట్‌ది. 2017 జులై 7న ఐక్యరాజ్యసమితిలో 122 దేశాలు ఓటేసి అణ్వాయుధ నిషేధ ఒప్పందాన్ని ఆమోదించాయి, 2021 జనవరి 22 నుంచి అమల్లోకి వచ్చింది. మన దేశం ఆ చర్చలకే వెళ్లలేదు. మంచో చెడో, ఆ ఒప్పందం హాయిగా చదువుకోగలిగే తెలుగులో మన విద్యార్థుల చేతిలో ఉండాలి. బాంబు దాడిలో బతికి బయటపడ్డవాళ్ల సాక్ష్యాలూ అంతే. 2024లో నోబెల్ వచ్చిన నిహోన్ హిదాంక్యో వాళ్లు 1956 నుంచి చెబుతున్న మాటలవి. పరీక్షల ముందు గైడు కొనుక్కునే సొమ్ములో సగం పెట్టి పది పేజీలు అనువాదం చేసి, అనుమతి తీసుకుని జెరాక్స్ వేస్తే అది మీ తర్వాతా ఉంటుంది.

ఇంట్లోవాళ్లు, పోలీసులు, ఉద్యోగం

"నీకెందుకురా ఇవన్నీ, కేసులు పెడితే పాస్‌పోర్టు రాదు" అని నాన్న అంటారు. ఆయన భయం వట్టిదేం కాదు. కాబట్టి జాగ్రత్తలు చెప్పి ఒప్పించండి. బీచ్‌లోనైనా చౌరస్తాలోనైనా గుమిగూడే ముందు పోలీస్ స్టేషన్‌లో కాగితమిచ్చి, ముద్ర వేయించుకున్న ప్రతి జేబులో పెట్టుకోండి. ఎన్నికలప్పుడో పండగలప్పుడో పాత 144 సెక్షన్, అంటే ఇప్పటి నాగరిక సురక్షా సంహిత 163, అమల్లో ఉందేమో కనుక్కోండి. నౌకాదళం ప్రాంతాల దగ్గర, అణు కేంద్రాల దగ్గర ఫోన్ బయటికి తీయొద్దు. ఐఎన్‌ఎస్ అరిహంత్ 2009లో జలప్రవేశం చేసింది విశాఖలోనే కాబట్టి, దూరం నుంచి ఒక ఫొటో తీసి పోస్టర్ వేద్దామని ప్రతి బ్యాచ్‌లో ఒకడికి తడుతుంది. 1923 నాటి అధికార రహస్యాల చట్టానికి మీ సదుద్దేశంతో పనిలేదు. నిరాయుధీకరణ మాట్లాడటానికి పత్రికల్లో వచ్చిన సమాచారం చాలు. ఎవరి రహస్యాలూ మనకి అక్కర్లేదు.

హైదరాబాద్ పిల్లలకి ఇంకో చిక్కు. రక్షణ పరిశోధన ప్రయోగశాలలు, మౌలాలి దగ్గర అణు ఇంధన సముదాయం, ఈసీఐఎల్, వీటిలో ఏదో ఒకదాంట్లో ఎవరో ఒకరి నాన్నో బాబాయో పనిచేస్తుంటారు. వాళ్లు శత్రువులు కారు. మా గుంపులో ఒకమ్మాయి నాన్నగారు అలాంటి చోటే పనిచేసేవారు. కరపత్రం ఆయనకి చూపించాలా వద్దా అని వారం రోజులు మథనపడి చివరికి చూపించింది. ఆయన చదివి పెన్ను తీసి ఒకచోట గుండ్రం చుట్టారు. "నేను మీతో ఒప్పుకోను. కానీ హిరోషిమా బాంబు పదిహేను మెగాటన్నులు కాదమ్మా, పదిహేను కిలోటన్నులు. పదిహేను మెగాటన్నులది 1954లో బికినీ దగ్గర పేల్చారు. వెయ్యి రెట్లు తప్పు రాశారు." మేం అప్పటికి ఐదొందల ప్రతులు అచ్చువేయించాం. కూర్చుని చేత్తో దిద్దాం, ఐదొందలూ. ఆ తర్వాత ప్రతి కరపత్రం అచ్చుకి వెళ్లేముందు ఆయన దగ్గరికి వెళ్లేది. ఆయన ఒప్పుకోలేదు, మేం మానలేదు.

ఉద్యోగం గురించి బెంగపడేవాళ్లు జోసెఫ్ రోట్‌బ్లాట్ కథ చదవాలి. బాంబు తయారుచేసిన మన్‌హట్టన్ ప్రాజెక్టులో పనిచేస్తూ, జర్మనీ బాంబు చేయడం లేదని తేలాక 1944 చివర్లో బయటికి వచ్చేశాడు. భౌతికశాస్త్రం మానలేదు. దాన్ని వైద్యానికి వాడుకున్నాడు. కెనడాలోని పగ్‌వాష్ అనే పల్లెటూళ్లో 1957లో శాస్త్రవేత్తల సమావేశం జరిపించి, దాన్ని దశాబ్దాలపాటు మోశాడు. నోబెల్ వచ్చింది 1995లో. మీకు అంత ఓపిక ఉండాలని నేను అనను.

ఫైలు

విద్యార్థి ఉద్యమాలకి ఉన్న జబ్బు ఒక్కటే. ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోతారు. జూన్‌లో వచ్చే కొత్త బ్యాచ్ మళ్లీ మొదటి నుంచి కొవ్వొత్తులు కొంటుంది.

దీనికి మందు నాగసాకి హైస్కూలు పిల్లల దగ్గర చూశాను. 1998లో భారత్, పాకిస్తాన్ జరిపిన పరీక్షలు చూసి కలవరపడి, అక్కడివాళ్లు హైస్కూలు విద్యార్థుల్ని శాంతి రాయబారులుగా పంపడం మొదలుపెట్టారు. అవును, మన పోఖ్రాన్ చూసే. మేం బీచ్‌లో కొవ్వొత్తులతో కుస్తీపడుతున్న ఏడాదే. 2001 నుంచి సంతకాలు కూడా సేకరిస్తున్నారు. రాయబారులు ఆ సంతకాల్ని జెనీవాలోని ఐక్యరాజ్యసమితి కార్యాలయానికి తీసుకెళ్తారు. ఏటా పిల్లలు మారతారు, పని మారదు. మా బలం కొంచెమే, కానీ అసలే లేకపోలేదు అనేది వాళ్ల నినాదం.

మేం జెనీవా వెళ్లలేదు. ఒక బాక్స్ ఫైలు కొన్నాం. అందులో నాలుగు వాక్యాల కాగితం, దిద్దిన కరపత్రం, వాచ్‌మన్లూ అమ్మమ్మలూ అడిగిన ప్రశ్నల నోట్‌బుక్, పోలీస్ స్టేషన్ ముద్రపడ్డ ప్రతి, ఉత్తరం నకలు. జనవరి 1, ఆగస్టు 6, సమావేశాల తేదీలు గుర్తుపెట్టిన క్యాలెండర్. ఫైలు ఎప్పుడూ సెకండియర్ వాళ్ల దగ్గరే ఉండాలని నియమం. ఫైనలియర్ వాళ్లు సలహా ఇవ్వొచ్చు గానీ ఫైలు ముట్టుకోకూడదు.

ఎంపీకి రాసిన ఉత్తరానికి పదకొండు వారాల తర్వాత రెండు లైన్ల జవాబు వచ్చింది. మీ లేఖ అందినది, సంబంధిత శాఖకు పంపించడమైనది. అప్పటికి దాన్ని రాసినవాళ్లలో ఇద్దరు ఉద్యోగాలకి బెంగళూరు వెళ్లిపోయారు. ఫైలు చూసుకునే అమ్మాయి ఆ కాగితానికి రెండు కన్నాలు పొడిచి ఉత్తరం నకలు వెనక తగిలించింది. అట్ట లోపలివైపు పెన్సిల్‌తో రాసుకుంది: "శాఖకి గుర్తుచేయాలి. సంక్రాంతి సెలవులయ్యాక."